సిల్వి కత్తి వన్నె

ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి కెల్సీ వంటింట్లో కత్తి తోముతోంది.

"తుంటి ఎముక బాగా అతుక్కుంది. చేతికర్రతో నడుస్తున్నారు. సాయంత్రం వచ్చి ఇంటికి తీసుకెళ్ళండి," అంది నర్సు.

కెల్సీ ఫోన్ పెట్టేసి నేల మీద ఒక గిరికీ కొట్టింది. మామగారు తౌనో ఇంటికొస్తున్నారు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే ఆయన మంచు మెట్ల మీద జారిపడ్డాడు. ఇప్పుడు ఆయన అడుగుపెట్టేసరికి ఇల్లు మెరిసిపోవాలి. కిటికీలు అయ్యాయి, పొయ్యి అయింది, ఇక మిగిలింది ఈ నల్లటి పాత కత్తే. స్టీలు పీచుతో ఇంకాస్త రుద్దింది. అది అద్దంలా తయారై అందులో తన ముక్కు కనిపించేసరికి నవ్వుకుంది.

సరస్సు రేవు నుంచి వచ్చిన డేల్ ఆ నవ్వు చూసి తనూ నవ్వబోయి, ఆమె చేతిలో ఉన్నది చూసి ఆగిపోయాడు.

"ఏం చేశావ్?"

"మీ నాన్న వస్తున్నారు. ఇవాళే. ఇదిగో, ఎలా మెరుస్తోందో చూడు."

"కెల్స్, అది అమ్మ కత్తి."

"తెలుసు. అందుకేగా తోమాను. ఎంత తుప్పు పట్టిందో."

"తుప్పు కాదది." డేల్ కుర్చీలో కూలబడ్డాడు. "వన్నె. పెళ్ళికి నాన్న తన చేత్తో చేసిచ్చిన కత్తి. అమ్మ కోసిన ఆపిళ్ళు, ఉల్లిపాయలు, చేపలు, అన్నీ కలిసి అలా నల్లబడింది. అమ్మ పోయాక నాన్న దాన్ని ఉత్త నీళ్ళతో తప్ప కడగనివ్వలేదు. గోడకి ఫోటో కూడా వద్దన్నాడు. సిల్వి గుర్తుగా ఇదొక్కటే చాలన్నాడు."

కెల్సీ చేతిలోంచి పీచు సింకులో పడిపోయింది.

"మరి నాకెవరూ చెప్పలేదే."

"చెప్పాల్సొస్తుందని ఎవరనుకున్నారు? ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మీ పుట్టింటి వైపు, ఆ వంతెన దిగువ ఇళ్ళల్లో అన్నీ స్టెయిన్‌లెస్సేనా?"

"అన్నీ స్టెయిన్‌లెస్సే." ఆమె కత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయన ఇక నాతో మాట్లాడతారా?"

"పులుపు తగిలితే ఉక్కు మళ్ళీ నల్లబడుతుందంటారు, చూద్దాం," అన్నాడు డేల్. లేచి స్టవ్ మీద వెనిగర్ పెట్టాడు.

కాగిన వెనిగర్‌ని పొడుగాటి గాజు జాడీలో పోసి, కత్తిని మొన కిందికి ఉండేలా దించాడు. ఉక్కు చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. కాసేపాగి తీసి తుడిస్తే బూడిదరంగు తేలింది. చాల్లేదు. చిక్కటి కాఫీ కాచి అందులో నానబెట్టారు. ఆ తర్వాత కెల్సీ మస్టర్డ్ సీసా తెచ్చి, ఆ పసుపుపచ్చ పుల్లటి ఆవముద్దని అలుగు మీద వేలికొసతో చుక్కలు చుక్కలుగా అద్దింది. ఆరాక కడిగింది. ప్రతి చుక్క చుట్టూ ఒక నీలి అంచు, వానకి ముందు సరస్సు మీద కమ్మే మబ్బుల్లా.

"అయ్యో, ఎంత బావుందో," అంది, క్షణంసేపు సంగతి మర్చిపోయి.

డేల్ వంగి చూశాడు. "బావుంది. కానీ అమ్మది కాదు. మరీ లేతగా ఉంది."

"ఇంకోసారి ముంచుదాం."

"టైం లేదు. ఆయన కోటు తొడుక్కుని ఆస్పత్రి గుమ్మంలో నిలబడి ఉంటాడు."

వంట సోడాతో కడిగి, నూనె రాసి, కత్తిని దాని మేకుకి తగిలించారు. కెల్సీ చలిని లెక్కచేయకుండా కిటికీలన్నీ తెరిచింది.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే దారిలో తౌనో పెద్దగా మాట్లాడలేదు. ఆయనెప్పుడూ అంతే. ఇంట్లోకి రాగానే మాత్రం ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటీ పుల్లటి వాసన?"

"దోసకాయలు ఊరబెట్టాను," అంది కెల్సీ.

"ఏవీ?"

"అయిపోయాయి."

"మొత్తం తినేసిందా ఈ పిల్ల?"

"నీకన్నా నయం నాన్నా," అన్నాడు డేల్. "ఆస్పత్రిలో జావంతా నువ్వే ఖాళీ చేశావట."

ముసలాయన గొంతులో నవ్వులాంటిది గరగరలాడింది. బల్ల దగ్గర కూర్చుని బుట్టలోంచి ఒక ఆపిల్ తీసుకున్నాడు. చెయ్యి చాపాడు. ఏం కావాలో అడగాల్సిన పని లేదు. డేల్ కత్తి తెచ్చి ఆ చేతిలో పెట్టి, వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

తౌనో ఆపిల్ కోయలేదు. కత్తిని కిటికీ వెలుతురుకి ఎత్తి ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బొటనవేలితో అలుగు మీద నెమ్మదిగా రాశాడు. నీలి మరకల దగ్గర వేలు ఆగింది. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి.

కెల్సీ ఇక ఆగలేకపోయింది. ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. డేల్ వద్దన్నట్టు తల ఊపుతున్నా పట్టించుకోలేదు.

"మీకొక మాట చెప్పాలి. ఆ రంగు..."

"చూశాను," అన్నాడు తౌనో.

కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కెల్సీ తల దించుకుంది. ఆయన ఆపిల్‌ని నాలుగు చెక్కలు చేశాడు. వాళ్ళిద్దరికీ చెరొకటి జరిపి, ఒకటి తను తీసుకుని, నాలుగోది ఒక ఖాళీ పళ్ళెంలో పెట్టి దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించాడు.

"నేను చేసి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే ఇంత వన్నె తెచ్చిందంటే సిల్వి చెయ్యి మంచిది," అన్నాడు మురిసిపోతూ. "రేపు పొద్దున్నే తనని బ్లూబెర్రీలు కోయడానికి తీసుకెళ్తున్నాను, పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతోంది."