వెనక సగం

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు మొదలైన మాయారాజ్యం నవలల్లో ఆఖరి భాగం నిన్న ఇంటికొచ్చింది. అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. వాళ్లమ్మ పోయి ఏడాది.

కొత్త భాగం వచ్చిందంటే తల్లీకూతుళ్లకి ఆత్రం ఆగేది కాదు. పుస్తకాన్ని మధ్యకి కోసి చెరో సగం పట్టుకుని కూర్చునేవాళ్లు. నా భార్య వెనక సగం ముందే చదివేసి, ఏం జరిగిందో చెప్పకుండా కూతుర్ని ఏడిపించేది. నేను పేపరు చదువుకునేవాణ్ని.

నిన్న అమ్మాయి కూరగాయల కత్తితో పుస్తకం కోసి, వెనక సగం నా చేతిలో పెట్టింది.

“అమ్మ సగం నాన్నా. చదువు. నోరు జారావో, ఊరుకోను.”

ఇన్నాళ్లకి నన్నూ ఆ ఆటలో చేర్చుకుందని మురిసిపోయాను. ముందు కథ తెలియకపోయినా పట్టుదలగా చదివాను.

పొద్దున టీ దగ్గర అడిగింది. “ఏం జరిగిందో చెప్పకు. బాగుందా లేదా, అంతే.”

“బాగుంది. భయపడకు, ముఖ్యమైనవాళ్లెవరికీ ఏమీ కాలేదు. ఒక ముసలి గుర్రం పోయిందంతే.”

అమ్మాయి కప్పు కింద పెట్టింది.

“అది అమ్మ గుర్రం నాన్నా. అది బతికుందో లేదో చూసుకోడానికే అమ్మ ఎప్పుడూ వెనక సగం తీసుకునేది. ఇంట్లో అందరికీ తెలుసు.”

మా ఇంట్లో ఉండేది ముగ్గురమే.