ఆ దరువు వేసిన చెయ్యి

“ఈ దరువు ఎవరిదో చెప్పందే నేను మీట మీద వేలు పెట్టను,” అన్నాడు చెవులన్న.

పాటగాడు తల ఎత్తలేదు. గిటారు సంచీ జిప్పు లాగుతూ, మళ్లీ మూస్తూ కూర్చున్నాడు.

ఆ రికార్డింగు గదికి యజమానీ, పనివాడూ, టీ కాచేవాడూ అన్నీ చెవులన్నే. పెద్ద కంపెనీల గడప తొక్కని చిన్న బృందాలన్నీ అతని దగ్గరకే వస్తాయి. పాటగాడు మొదటిసారి వచ్చినప్పుడు నలుగురితో వచ్చాడు. మైకు ముందు ఎవరు నిలబడాలన్న దగ్గర చెడి, రెండో రికార్డు సగంలో ఉండగానే వాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆ తర్వాత ఇద్దరే వచ్చారు, అతనూ, డ్రమ్స్ వాయించే అతని భార్యా. ఆమెను అందరూ పిడుగు అనేవాళ్లు. చూస్తే గుప్పెడు మనిషి. కర్రలు పట్టుకుంటే గోడల సున్నం రాలేది.

వాళ్లది తలకిందుల పద్ధతి. ముందు ఆమె వాయించి లేచిపోవాలి. ఆ దరువు వింటూ అతను పాట కట్టుకోవాలి. పాట కోసం దరువును కదపడమన్నది లేదు, పాటే పరుగెత్తి అందుకోవాలి. అద్దానికి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ నవ్వుకుంటుంటే, చెవులన్న ఏ అవసరమూ లేకుండా వైర్లు సర్దేవాడు. ఇంటికెళ్తే తనకు తాళం తప్ప ఎదురొచ్చేది లేదని అప్పుడే గుర్తొచ్చేది.

నిరుడు వాళ్ల కచేరీలన్నీ ఉన్నట్టుండి రద్దయ్యాయి. పిడుగు కర్రలు అటక మీద పడేసి, కర్టెన్లు కుట్టే దుకాణంలో చేరింది. వేరే గది తీసుకుంది. ఎందుకని ఎవరడిగినా ఇద్దరిదీ ఒకటే మాట, ఏం లేదని. ఒంటరిగా పేరు కొట్టేద్దామని వీడే ఆమెను వదిలించుకున్నాడని లోకం అనుకుంది. చెవులన్న కూడా అదే అనుకున్నాడు. మనం ఒకరి సంతోషాన్ని కిటికీలోంచి చూసి బతికితే, అది చెడినప్పుడు నేరం ఎవరిమీదో ఒకరిమీద వెయ్యకుండా ఉండలేం.

ఇప్పుడు పాటగాడి తొలి సొంత రికార్డు. పాటలన్నీ ఒక్క గిటారుతోనే పాడి, చివరి పాట కింద మాత్రం తన ఫోనులో దాచుకున్న ఈ దరువు పరిచాడు. చిన్న ముక్క, మళ్లీ మళ్లీ అదే. దుప్పటి కప్పిన డ్రమ్ మీద కొట్టినట్టు, నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు ఉంది.

“పిడుగుదేగా?”

పాటగాడు సంచీ జిప్పు మళ్లీ లాగాడు.

“నా దగ్గరా దాపరికం? ఇందులో ఆ అమ్మాయి పోలిక నాకు తెలియదనుకున్నావా?”

పాటగాడు చటుక్కున తల ఎత్తాడు.

“పోలిక ఉందా అన్నా?” అన్నాడు, ఆశగా.

చెవులన్నకు ఒళ్లు మండింది. దొంగసొత్తుకు మెచ్చుకోలు కూడానా అనుకున్నాడు. ముక్క మరీ పొట్టిగా ఉంది, ఇంకాస్త లేదా అని అడిగాడు. అంతే ఉందన్నాడు పాటగాడు. మళ్లీ వాయించమని పిలుద్దామంటే కుదరదన్నాడు. పోనీ ఇంకెవరితోనైనా కొట్టిద్దామంటే, ఆ దరువు లేకపోతే అసలు రికార్డే వద్దన్నాడు.

“అయితే ఆమె ఒప్పుకోవాలి. అడిగావా?”

“అడగలేను. ఇది నా దగ్గరుందని తనకు తెలీదు.”

చెవులన్న అవతలి గదిలోకి వెళ్లి పిడుగుకు ఫోను చేశాడు. మీవాడు నీకు తెలియకుండా ఫోనులో దాచుకున్న దరువుకు పాట కట్టాడు, నువ్వు వద్దంటే తీసేస్తాను, వచ్చి విని చెప్పమన్నాడు. అవతల కుట్టుమిషను ఆపిన చప్పుడైంది. తర్వాత, వస్తున్నానంది.

వచ్చింది. మనిషి చిక్కిపోయింది, భుజం మీద దారప్పోగులు. పాటగాడు లేచి తన కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు. చెవులన్న పాట పెట్టాడు. ఇదివరకు ఏ దరువు విన్నా ఆ వేళ్లు బల్ల మీదో మోకాలి మీదో ఆడేవి. ఇప్పుడు చేతిసంచీని పొట్టకు అదుముకొని, గోడకు ఆనుకొని, కదలకుండా వింది.

“తీసెయ్యమన్నానుగా,” అంది చివరికి.

“అన్నావు. చెయ్యి రాలేదు.”

“నెమ్మది చేశావు.”

“నా గొంతు అందుకోలేకపోయింది. సగానికి తగ్గించాను.”

“అంత నెమ్మది కాదు. ఎంత పరుగో నువ్వూ విన్నావు.” చెవులన్న వైపు తిరిగింది. “అసలు వేగంలో పెట్టన్నా. పాట లేకుండా.”

వాయించేవాళ్ల పట్టింపులు చచ్చినా పోవు అనుకుంటూ చెవులన్న వేగం పెంచి, దరువొక్కటే వదిలాడు. ఎక్కడికో తొందరగా చేరాలన్నట్టు, దౌడు తీస్తూ అది గదంతా నిండింది. ఏడాదిగా ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరూ పక్కపక్కన నిలబడి విన్నారు. ముక్క అయిపోయింది. ఆమె చూడకుండానే చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాడు.

“ఇలాగే ఉంచు,” అందతనితో. “పాటే అందుకోవాలి.”

చెవులన్న గుండెల మీంచి బరువు దిగింది. పోయిన బృందం మళ్లీ తన గదిలోనే కలిసిందనుకున్నాడు. టీ పెడతానన్నాడు. దరువు దగ్గర నీ పేరే వేస్తాను తల్లీ, అన్నాడు సంబరంగా.

ఆమె తల అడ్డంగా ఊపి, వాయించింది తను కాదంది.

“మరెవరు?”

“స్కానింగు గదిలో విన్నాం. నా కడుపులోనే ఆగిపోయిన గుండె, అన్నా.”