సీటు కింద బుస

కొత్త బ్యాటరీ కారు అడవి పక్క రోడ్డులో పోతుంటే సీటు కింద నుంచి బుస వినిపించింది. వదిన ఠక్కున కారు ఆపింది.

"వదినా, పాము!" మరదలు కాళ్లు పైకి ముడుచుకుంది.

"అరవకు. ముందు పాపని తియ్యి!"

వెనక సీట్లో నిద్రపోతున్న పసిదాన్ని ఎత్తుకుని ఇద్దరూ రోడ్డు మీదికి దూకారు. అంతలో కారు కింద నుంచి బారెడు పాము జారి, రోడ్డు దాటి గడ్డిలోకి దూరిపోయింది.

మరదలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అడవికి మేలు చేసే కారు అన్నారు మీ అన్నయ్య," అంది వదిన చెమట తుడుచుకుంటూ. "అడవే వచ్చి ఎక్కింది చూడు!"

పాపను మళ్లీ పడుకోబెట్టి బెల్టు పెట్టారు. తలుపులు వేసుకున్నారు.

బుస ఆగలేదు.

ఇప్పుడు ఇంకా గట్టిగా, సరిగ్గా బ్యాటరీ ఉన్నచోట నుంచే వస్తోంది. కాళ్ల దగ్గర తెల్లటి పొగ లేచింది. ఘాటుకి పాప దగ్గింది.

బుస కొట్టింది పాము కాదని, అదీ తమలాగే ప్రాణభయంతో పారిపోయిందని వదినకు అప్పుడు అర్థమైంది. పాప బెల్టు ఊడదీయబోతే ఊడి రాలేదు. మరదలే లాగేసింది.

వెనకాల తమ కారు భగ్గుమనేసరికి, పాపను గుండెకు అదుముకుని ఇద్దరూ పాము దూరిన గడ్డిలోనే, చెప్పుల్లేని కాళ్లతో పరుగెడుతున్నారు.