ఒక్క రింగు

“ఇంతకన్నా సస్తాది లేదేటి?” అని చవక రకం కోసం మళ్ళీ అడిగాడు బలరామ్.

హిందీ ఊళ్ళో, ఉక్కు కర్మాగారం పక్కనున్న సాక్చి బజారులో సెల్‌ఫోన్ల కొట్టు అది. కొట్టు యజమాని చిన్నారావు గాజు బల్ల మీద పరిచిన పాత ఫోన్లలోంచి ఒకటి తీసి, లాల్చీకి తుడిచి చూపించాడు.

“ఇంతకన్నా సస్తా అంటే పక్క కొట్లో దొరుకుతాది బాబాయ్. బొమ్మలమ్ముతాడు. నొక్కితే పాట పాడతాది.”

ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే కాబట్టి ఆ మాత్రం వేళాకోళానికి చనువుంది. బలరామ్ మాత్రం నవ్వలేదు. గోల్‌మురి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని మానేసి చాలాకాలమైంది. రేపు ఆసుపత్రిలో చేరాలి, మంగళవారం గుండె ఆపరేషన్. ఏమీ చెప్పలేనని డాక్టరు ముందే చెప్పేశాడు.

“మనకి ఫోనుంది కదేటి మావా. మోగతంది కదా. ఇంకోటెందుకు, ఉత్త దండగ!” అంది నూకమ్మ, చేతిసంచి చంకన ఇరికించుకుని భర్త చొక్కా పట్టి లాగుతూ.

ఉన్న ఫోను బల్ల మీదే ఉంది. కొడుకు సూరజ్ సూరత్‌లో బట్టల మిల్లు పనికి పోతూ ఇచ్చి వెళ్ళాడు దాన్ని. ఎత్తే బొత్తాం తప్ప దాని బొత్తాలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. మోగడం ఒక్కటే దానికి వచ్చు. ఆ ఇంటికి అంతకన్నా అవసరమూ పడలేదు. పొద్దు గూకేసరికి సూరజ్ ఒక్క రింగు ఇచ్చి కట్ చేసేవాడు. ఒక్క రింగంటే బాగున్నానని అర్థం. ఎత్తితే చేసినవాడికి ఖర్చు కాబట్టి ఎత్తకూడదు. బస్తీలో ఏ ఇంట్లోనైనా అదే పద్ధతి.

వానాకాలంలో సూరత్‌కు వరద వచ్చింది. ఊరు ఊరంతా మునిగిపోయిందని టీవీలో చూపించారు. రింగు ఆగిపోయింది. పాత నంబరుకు టెలిఫోను బూతు నుంచి ఎన్నిసార్లు చేయించినా స్విచాఫ్ అనే వచ్చేది. బలరామ్ అన్నం మానేశాడు. ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకునేవాడు. గుండెలో నొప్పి మొదలైంది అప్పుడే.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఫోను మళ్ళీ మోగింది. నంబరు వేరు.

“పాతది నీళ్ళలో కొట్టుకుపోయుంటాది. కొత్తది కొనుక్కున్నాడు,” అంది నూకమ్మ.

ఆ మాటతో బలరామ్ లేచి కూర్చుని గంజి తాగాడు. అప్పట్నుంచి రోజూ మోగుతూనే ఉంది. ఆ వేళకు నూకమ్మ వీధి కుళాయి దగ్గర ఉంటుంది. బిందెతో రాగానే “మోగిందేటి?” అని అడుగుతుంది. “మోగింది, బాగున్నాడు!” అని చెప్పడం కోసమే బలరామ్ పొద్దంతా బతికేవాడు.

“ఒక్క రింగు సాలదు సిన్నారావూ,” అన్నాడు బలరామ్ ఇప్పుడు. “ఎత్తుదావని సూత్తాను. నా సెయ్యి ఎళ్ళీలోగా కట్టయిపోతాది. నన్ను కోసీముందు ఆడి గొంతు ఒక్కసారి ఇనాల. ‘నాన్నా’ అంటే సాలు. ఆసుపత్రి మంచం మీదనుంచి సేసుకుంటాను.”

“అయితే ఆ ఫోన్లోకి ఈ సిమ్ము తీసుకో. సిమ్ముల్లో ఇదే సస్తా. నెల్లాళ్ళు వ్యాలిడిటీ. తరవాత రీచార్జి సెయ్యకపోతే బంద్.”

“నెల్లాళ్ళేటి? నాకు మంగళారం దాకా సాలు. అంతకి తక్కువది లేదా?”

చిన్నారావు చేతిలోని సిమ్ కార్డును అటూ ఇటూ తిప్పాడు.

“అలాటి మాటలాడకు!” అంది నూకమ్మ. “ఆడు మిషను మీదుంటాడు. ఫోను మోగితే సేటు తిడతాడు.”

“ఇయ్యాళ ఆదివారమే!”

“ఆదివారం కూడా మిషన్లు తిరుగుతాయి. సాయంత్రం ఆడే రింగిత్తాడు, పద.”

“రోజూ ఇదే సెప్తన్నావు. బూతుకెల్దామన్నా ఇదే మాట. ఆడి గొంతు ఇనాలని నీకు లేదేటే?”

నూకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం పక్కకి తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది.

చిన్నారావుకు జాలేసింది. “ఛోడో బాబాయ్, నువ్వేటీ కొనొద్దు. నా ఫోన్లోంచి సేత్తాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు మాటాడుకో.”

బల్ల మీదున్న వాళ్ళ ఫోను అందుకున్నాడు. నిన్నటి రింగు నంబరు తెర మీదే ఉంది. దాన్ని చూస్తూ తన ఫోన్లో అంకెలు నొక్కసాగాడు.

“వద్దు బాబూ!” నూకమ్మ బల్ల మీదుగా వంగి అతని చెయ్యి పట్టుకుంది. “నీకెందుకు ఖర్చు?”

“పైసా వద్దన్నాను కదా పిన్నీ. నీ కొడుకు నాకు తమ్ముడు కాడేటి?”

ఆమె చెయ్యి వదిలేసింది. “అయితే మీరు మాటాడండి. నేను కూరల కాడికెల్లొత్తాను,” అని గబగబా మెట్టు దిగబోయింది.

బలరామ్ ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. నలుగురిలో అతను పెళ్ళాం చెయ్యి పట్టుకున్న మనిషి కాదు.

“ఎక్కడికెల్తావే? ఇద్దరం ఇందాం. ‘అమ్మేదీ’ అనడిగితే నేనేటి సెప్పాల?”

చిన్నారావు ఆఖరి అంకె నొక్కి, వాళ్ళ ఫోను తిరిగి బల్ల మీద పెట్టాడు. తన ఫోను బలరామ్ చెవికి ఆనించాడు. “కలిసింది బాబాయ్. రింగవతంది.”

బలరామ్ కళ్ళు మూసుకున్నాడు. అవతల ఎవరూ ఎత్తకముందే, “సూరజూ, నేనురా, నాన్నని,” అన్నాడు.

నూకమ్మ చేతిసంచిలో ఫోను మోగింది.