తుండు కింద బేరం

సాయంత్రం నాలుగయ్యేసరికి యలమందయ్యకు సంత గుర్తొస్తుంది.

భార్య పోయిన సంగతి గుర్తులేదు. కొడుకు బాలు పేరు గుర్తులేదు. సంత మాత్రం గుర్తుంది. ఎడ్లను తోలుకుపోవాలని వీధి గేటు పట్టుకుని ఊపేస్తాడు. ఆ ఎడ్లు అమ్మేసి పదిహేనేళ్ళయింది.

ఆ రోజూ అంతే. కోడలు శ్రీదివ్య చెయ్యి పట్టుకుంటే విదిలించేశాడు.

“గేటు తియ్యవే. పొద్దుపోతోంది.”

“కాస్త అన్నం తినండి మామయ్యా. తర్వాత వెళ్దురుగాని.”

రోడ్డున పోతున్న ముసలాయన ఒకడు ఆగాడు. గళ్ళ లుంగీ, చేతిలో కర్ర.

“ఏం పెద్దాయనా, ఎడ్లు అమ్ముతావా?”

యలమందయ్య గేటు వదిలేశాడు.

“అమ్ముతా. నువ్వు కొనేవాడివేనా?”

“చెయ్యి ఇవ్వు, తెలుస్తది.”

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. యలమందయ్య భుజం మీది తుండు తీసి రెండు చేతుల మీదా కప్పాడు. పశువుల సంతలో బేరం అలాగే జరుగుతుంది. ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు, తెలియకూడదు.

ఇక్కడా అంతే. ఒకరు తల అడ్డంగా ఊపుతారు, ఇంకొకరు నవ్వుతారు. లేచి పోబోయి మళ్ళీ కూర్చుంటారు. గంటసేపు అదే వరస.

“రేపు రా,” అన్నాడు యలమందయ్య.

“వస్తా,” అన్నాడు ఆయన.

ఆ పూట యలమందయ్య పేచీ లేకుండా అన్నం తిన్నాడు. శ్రీదివ్య వంటింట్లోకి పోయి ఏడ్చింది.

గుంటూరు డాక్టరు ముందే చెప్పాడు. “మందులతో ఈ జబ్బు నయం కాదమ్మా. అలవాటైన పని చెయ్యనివ్వండి. కాదని వాదించకండి. చెయ్యి పట్టుకుని కూర్చునే మనిషి దొరికితే అంతకంటే మేలు లేదు.”

బాలు కూడా ప్రయత్నించాడు పాపం. పాత ఫోటోలు చూపించాడు. సెల్లులో హరికథలు పెట్టాడు. చెయ్యి పట్టుకుని కూర్చోవడం మాత్రం రెండు రోజులకే విసుగొచ్చింది. ఎవరికి రాదు? అడిగిందే అడుగుతుంటే కన్నకొడుకైనా మనిషే కదా.

ఆ ముసలాయనకు విసుగు రాలేదు. పేరు సిలార్ అన్నాడు. రోజూ నాలుగింటికి వచ్చేవాడు. రోజూ అవే ఎడ్లు, అదే బేరం. “ఎన్ని పళ్ళేశాయి?” అని ఎడ్ల వయసు కొత్తగా అడిగినట్టే అడిగేవాడు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోయినా కూర్చునేవాడు. మనిషికి ఇంత ఓపిక ఎక్కడిదా అని శ్రీదివ్య ఆశ్చర్యపోయేది.

రెండు నెలలు గడిచాయి. మిరపకాయలు ఎండబోసి బాలు పగలంతా కల్లంలోనే ఉంటున్నాడు. ఒకరోజు పెందలాడే ఇంటికొచ్చేసరికి అరుగు మీద తండ్రి మొహం వెలిగిపోతోంది.

“ఇచ్చేశాన్రా. బేరం అయిపోయింది.”

“ఏం ఇచ్చేశావు నాన్నా?”

యలమందయ్య తుండు వైపు చూసి నవ్వాడు.

బాలుకు పొలం గుర్తొచ్చింది. నాలుగెకరాల మిరపచేను ఇంకా తండ్రి పేరునే ఉంది. ఆయన ఎక్కడ వేలిముద్ర వేసినా అడిగే దిక్కులేదు.

“ఏవయ్యా, ఏం బేరం చేశావు మా నాన్నతో?”

సిలార్ తలెత్తి చూశాడు. “తుండు కింద మాట బయటికి చెప్పకూడదు బాబూ.”

“పొలమేనా?”

“చెప్పకూడదు.”

“కాగితాలేమన్నా రాయించావా?”

సిలార్ పెదవి విప్పలేదు. సంత మర్యాద తెలిసినవాడెవడూ విప్పడు. ఆ సంగతి బాలుకూ తెలుసు. తుండు కింద కుదిరిన బేరానికి తిరుగులేదనీ తెలుసు. అందుకే భయం ఇంకా ఎక్కువైంది.

తుండు లాగి అవతల పారేశాడు.

“ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్ళిరగ్గొడతా. పో.”

“ఆయన వచ్చాకే గదండీ మామయ్య తిండి తింటున్నది,” అంది శ్రీదివ్య.

“నువ్వు నోర్ముయ్.”

సిలార్ లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు నాలుగింటికి ఏమీ జరగనట్టు మళ్ళీ వచ్చాడు. బాలు రెక్క పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చాడు. ఆ తర్వాత రాలేదు.

యలమందయ్య వారం రోజులు గేటు ఊపాడు. తర్వాత ఊపడం మానేశాడు. తర్వాత అన్నం మానేశాడు. పదో రోజున మంచం దిగలేదు. బాలు పక్కన కూర్చుని, తుండు కప్పి, తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చూశాడు గాని వేళ్ళు కదపలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో వాకబు చేయించాడు. ఏ కాగితమూ లేదు. చేను చేనులాగే ఉంది.

బాలుకు తలకొట్టేసినట్టయింది. సిలార్ కోసం వెతికాడు. కాలవ అవతల రేకుల ఇల్లని టీకొట్టువాడు చెప్పాడు. కూతురు నస్రత్ తలుపు తీసింది. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయి అప్పుడే వచ్చినట్టుంది, ఘాటుకు దగ్గుతోంది.

సిలార్ గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు.

“తప్పయిపోయింది పెద్దాయనా. మా నాన్న మంచాన పడ్డాడు. ఒక్కసారి వచ్చి కూర్చోండి చాలు.”

సిలార్ తిరిగి చూశాడు. ఎవరినో చూసినట్టు చూసి, మళ్ళీ గోడవైపు తిరిగాడు.

“కోపం ఇంకా తగ్గలేదనుకుంటా,” అన్నాడు బాలు.

“కోపం కాదండీ,” అంది నస్రత్. “మా నాన్నకి మతిమరుపు జబ్బొచ్చి నాలుగేళ్ళయింది. కన్నకూతుర్ని, నన్నే ఎవరివని అడుగుతాడు. నేను పనికి పోయినప్పుడు ఎవరింటికో పోయి, సంతకెళ్ళొచ్చానని నవ్వుకుంటా వచ్చేవాడు. ఈ మధ్య ఎందుకో గడప దాటాలంటేనే భయపడుతున్నాడు. రోజూ ఓపిగ్గా ఈయన్ని కూర్చోబెట్టుకున్న ఆ మారాజెవరో తెలిస్తే, మళ్ళీ రానివ్వమని బతిమాలుకుందును.”