పొయ్యి దగ్గరి గొంతు

హిల్మార్ పడవల పాకలో ముప్పయ్యేళ్ల కిందట పోయిన వాళ్లమ్మ మాట్లాడుతోందని పక్కింటి ఆస్లౌగ్ ఊరంతా చెప్పుకొస్తోంది. చేపలకు ఉప్పు పట్టిస్తూ ఎవరితోనో కబుర్లాడుతోందట. "మాటలు తెలియలేదు గానీ ఆ రాగం మాత్రం ఆవిడదే, ఒట్టు," అని దుకాణంలో నలుగురి ముందూ అన్నదట. తీరా రేడియో వాళ్లొచ్చి మైకు పెట్టేసరికి ఆవిడకు ఉన్నట్టుండి మతిమరుపు పట్టుకుంది. ఎవరి అమ్మ, ఏ రాగం అంది.

"విన్నావా మామయ్యా? అమ్మమ్మ నీ పాకలో కాపురం పెట్టిందట," అంది మేనకోడలు యొరున్.

"గాలి," అన్నాడు హిల్మార్. వచ్చినవాళ్లకు వీపు తిప్పి, కిటికీ దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. "పాకలోనూ గాలే, ఆస్లౌగ్ బుర్రలోనూ గాలే."

బయట సముద్రపు పాయ మీద ఏప్రిల్ మంచు ఇంకా విడవలేదు. దండేల మీద కాడ్ చేపలు తోకలు పైకి, మొండేలు కిందికి వేలాడుతున్నాయి.

నార్వే ఉత్తరాన అనాదిగా ఉంటున్న సామీ జాతివాళ్లకు వాళ్ల భాష పేరూ సామీయే, వాళ్లకంటూ ఒక పార్లమెంటూ ఉంది; యొరున్ దానికి పోటీ చేస్తోంది. ఒక్క ముక్క సామీ రాని మనిషి అక్కడ ఏ భాషలో నోరు మూసుకుని కూర్చుంటుందని ప్రత్యర్థి పత్రికకెక్కాడు. అంతటితో ఊరుకోక, ఆమె అసలు సామీయే కాదని ఫిర్యాదు కూడా పెట్టాడు. నియమం ప్రకారం భాష ఆమెకు రాకపోయినా ఫర్లేదు, వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఆ భాష మాట్లాడిందంటే చాలు. ఆ మాట చెప్పగలిగినవాడు ఒక్కడే మిగిలాడు, పోయిన ఆమె తల్లికి తమ్ముడు హిల్మార్. శుక్రవారంలోగా చెప్పకపోతే ఓటర్ల జాబితాలోంచే యొరున్ పేరు పోతుంది.

సామీ రేడియో విలేఖరి రిస్టెన్ లోపలి ఊళ్ల పిల్ల. పుట్టి పెరిగిందే ఆ భాషలో. అయినా ఈ తీరంలో అందరినీ పలకరించినట్టే హిల్మార్‌నూ నార్వేజియన్‌లోనే పలకరించింది. రికార్డరు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపూ మీ మాట అందులో పడుతుందండీ. వద్దంటే ఇప్పుడే ఆపేస్తాను."

"వెలగనివ్వండి. దాచుకునేదేం లేదు."

"మీ అమ్మగారు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు?"

"నార్వేజియన్."

"మీతో?"

"నార్వేజియన్."

"ఆవులతో?"

"ఆవులతో కూడా."

యొరున్ బల్ల మీద గట్టిగా కొట్టింది. "అబద్ధం! అమ్మ పోయే ముందు మంచంలో ఏదో పాడింది. అది నార్వేజియన్ కాదు."

"జ్వరంలో పాడింది. జ్వరానికి భాషేమిటి?"

"ఇంకా ఎవరికి భయపడుతున్నావు మామయ్యా? ఆ భాష మాట్లాడారని సర్కారు బడి హాస్టల్లో పిల్లల్ని కొట్టినవాళ్లంతా ఎప్పుడో పోయారు."

వలసూది ఆగింది. "నన్నెవరూ కొట్టలేదు. కొట్టించుకునేంత భాష నాకెప్పుడూ రాలేదు."

సూది మళ్లీ కదిలింది. ఇక ఆ వీపు తిరిగేలా లేదు. యొరున్ కళ్లు తుడుచుకుంది.

రిస్టెన్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. అక్కడొక పొట్టి పీట. హిల్మార్ తల్లి పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి తెలియని రిస్టెన్ దాని మీదే కూర్చుని, ఇనప తలుపు తీసి చూసి, నెమ్మదిగా అంది.

"మంట తగ్గిపోయింది. ఈ కట్టెలు పెట్టనా?"

"అవి పచ్చివే. మూలనున్నయి పెట్టు," అన్నాడు హిల్మార్, వెనక్కి తిరక్కుండానే.

యొరున్ తలెత్తింది.

"బెరడు కిందనా, పైనా?"

"పైన పెడతారంటే ఎవరన్నా? మీ అమ్మ నీకేం నేర్పిందే?"

అతని మాట ఇందాకటిలా తుంచినట్టు రావడం లేదు. వల మీద చేతులు కూడా వడివడిగా కదులుతున్నాయి.

"ఈ గిన్నెలో వేణ్ణీళ్లు బయట పారబోసి రానా?"

"పారబొయ్. పోసేముందు నేల కింద కాపురముండే కనపడనోళ్లకి ఓ మాట చెప్పు. పిల్లాజెల్లా ఉంటారు, ఒళ్లు కాల్తది. మాయమ్మ చెప్పకుండా చుక్క ఒలకబోసేది కాదు."

యొరున్ ఒకసారి మామయ్య వీపుకేసి, ఒకసారి రిస్టెన్ మొహంకేసి చూసింది. ఏదో అడగబోయింది. రిస్టెన్ వద్దన్నట్టు చెయ్యి కొద్దిగా పైకెత్తింది.

"హాస్టల్ నుంచి మొదటిసారి ఇంటికొచ్చిననాడు మీ అమ్మ ఎక్కడుంది?"

"గుమ్మంలో." వల మీద ఓ ముడి బిగించాడు. "చేతిలో రొట్టె ఉంది. ఏదో అడిగింది. నాకు కడుపు కాలిపోతోంది. అయినా ఇనపడనట్టే నిలబడ్డా."

"ఏ భాషలో అడిగింది?"

గాలికి కిటికీ చిన్నగా కొట్టుకుంది.

"నార్వేజియన్‌లోనే," అన్నాడు హిల్మార్. "ఈ ఇంట్లో సామీ ఎప్పుడూ లేదు. మాయమ్మకి రాదు, మాయక్కకి రాదు, నాకసలే రాదు. రాసుకో."

ఈసారి యొరున్ బల్ల కొట్టలేదు. అబద్ధమని అరవనూ లేదు.

హిల్మార్ వల ఒళ్లో పెట్టుకుని అప్పుడు వెనక్కి తిరిగాడు. పొయ్యి వెలుగులో పీట మీద కూర్చున్న మనిషిని చూసి సగం లేచాడు. రిస్టెనే. బల్ల మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. అతను మేనకోడలి వైపు చూశాడు.

"ఏం యొరున్, నోరు పడిపోయిందా? ఇందాక అబద్ధం, అబద్ధం అని ఎగిరిపడ్డావుగా?"

"కట్టెల సంగతి దగ్గర్నుంచీ మీరు మాట్లాడుకున్నది నాకొక్క ముక్కా అర్థం కాలేదు, మామయ్యా."