ఇంటికో సంతకం

"వాణ్ణి కూడా రాయి!" అన్నాడు ఊరి పార్టీ అధ్యక్షుడు, బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చి.

"రాశాను" అంది భార్య తలెత్తకుండా. "పదిహేడు."

ఎన్నికల ఫలితాలొచ్చి పన్నెండు రోజులైంది. పాత పద్ధతులు, ఇంటి పరువు, పెద్దల మాట అంటూ నలభై ఏళ్ళు చెలాయించిన పార్టీ దేశమంతటా ఊడ్చుకుపోయింది. ఆయన మూడుసార్లు వరసగా గెలిచిన సీటు కూడా పోయింది. పైనుంచి రెండు ముక్కల్లో కబురొచ్చింది: ద్రోహుల్ని ఏరెయ్యండి, పార్టీని మళ్ళీ కట్టండి. మూడు నెలల్లో ఊరి కౌన్సిల్ ఎన్నికలున్నాయి. అవి కూడా ఓడిపోతే అధ్యక్షుడి కుర్చీ ఇంకొకరిదే. రెండో ముక్క సంగతి తర్వాత చూడొచ్చనుకుని, ఆయన మొదటి ముక్క మీదే కంటి మీద కునుకు లేకుండా పడ్డాడు.

పార్టీ ఆఫీసు ఒకప్పుడు ఆడవాళ్ళ కుట్టు కేంద్రం. రెండేళ్ళ క్రితం దాన్ని ఆయనే మూయించాడు. పొడుగాటి బల్లలకి మిషన్లు బిగించిన కన్నాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరు రాసినా కలం ఏదో ఒక కన్నంలో దిగబడి కాగితం చిరుగుతుంది, ఒక్క ఆయన భార్య రాస్తే తప్ప. ఆమె అక్కడ పదకొండేళ్ళు కుట్టు నేర్పింది. నాయకుడి పెళ్ళాం మిషను తొక్కడం పార్టీకి నామోషీ అని ఆయన మాన్పించిన రోజున ఆమె పల్లెత్తు మాట అనలేదు. అంత ఒద్దికైన ఇల్లాలు దొరకడం తన అదృష్టమని ఆయన సభల్లో కూడా చెప్పుకునేవాడు.

తమ్ముడు లోపలికొచ్చాడు. ఎన్నికల్లో ఇంటింటికీ తిరిగే పనంతా అతనిదే. పార్టీలో ఆ పనికో పద్ధతుంది. ఇంటి పెద్ద గుమ్మంలోకొచ్చి కాగితం మీద సంతకం పెడితే, ఆ ఇంట్లో ఉన్న ఓట్లన్నీ పార్టీవే. ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

"ముప్పై ఎనిమిది వేల ఓట్లకి సంతకాలు పట్టుకొచ్చావు" అన్నాడు అన్న. "పెట్టె తెరిస్తే పంతొమ్మిది వేలున్నాయి. మిగతావి ఏమయ్యాయిరా, ఆవిరైపోయాయా?"

"అదే అర్థం కావట్లేదన్నయ్యా. మగాళ్ళంతా నా కళ్ళెదుటే సంతకాలు పెట్టారు. ఏ బూత్‌లో చూసినా సగానికి సగం..."

"మన వీధి బూత్‌లో కూడానా? సొంత వీధిలో కూడా నన్ను అమ్మేశావన్నమాట!"

"నీ మీద ఒట్టన్నయ్యా! వదినా, నువ్వైనా చెప్పు."

ఆమె కలం ఆగింది. రెండేళ్ళ క్రితం కుట్టు కేంద్రానికి తాళం వేసింది ఈ మరిదే. మిషన్లను లారీలోకి విసిరేయించిందీ ఇతనే.

"నేనేం చెప్పను బాబూ? కాగితాలు తెచ్చింది నువ్వు."

మరిది మీద ఆమెకి ఆ పాత కోపం ఇంకా చల్లారలేదని అధ్యక్షుడికి తెలుసు. ఉండనీ, మంచిదే అనుకున్నాడు.

"పద్దెనిమిది" అన్నాడు.

ఆమె రాసింది. తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అధ్యక్షుడికి కడుపు చల్లబడింది. పన్నెండు రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాడు.

తీరా చెయ్యి కడుక్కున్నాక తెలిసొచ్చింది, జెండా మొయ్యడానికి కూడా మనిషి మిగల్లేదని.

"ఇప్పుడు ఇంటింటికీ ఎవరు తిరుగుతారు?" అన్నాడు నీరసంగా.

"నేను తిరగనా?"

ఆయనకి నవ్వొచ్చింది. "నువ్వా? పోయిన ఎన్నికలప్పుడు గుమ్మం దాటావా అసలు? మధ్యాహ్నాలు కాలక్షేపానికి కుట్టుకున్న బట్టలేవో ఎవరికో ఇచ్చిరావడం తప్పితే!"

"అందుకే అడుగుతున్నాను. మీవాళ్ళంతా గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపలున్నవాళ్ళతో మాట్లాడింది లేదు."

"ఆడవాళ్ళతో మాట్లాడేదేముంది? ఇంటాయన ఎటంటే అటు."

"మాట్లాడితే మీకు పోయేదేముంది?"

అదీ నిజమే. పైగా నాయకుడి భార్య స్వయంగా గడప తొక్కిందంటే పై వాళ్ళకి చెప్పుకోవడానికి బాగుంటుంది. పార్టీని మళ్ళీ కట్టే పని తన ఇంటి నుంచే మొదలైందని చెప్పొచ్చు. ఆ ఊహకి ఆయన మీసం దువ్వుకున్నాడు.

"సరే. రేపు పొద్దున్నే మొదలుపెడదాం. నేనూ వస్తాను."

"వద్దు. మీరుంటే వాళ్ళు నోరు విప్పరు."

"మొదటి ఇంటి వరకే. నీకు మాట తడబడితే అందుకోవద్దూ?"

ఆమె ఇంకో రెండుసార్లు వద్దంది. ఆయన వినలేదు. ఆమె మాట విన్న అలవాటు ఆయనకి ఎప్పుడుంది గనక?

మర్నాడు ఇద్దరూ సంతకాల ఫైలు పట్టుకుని ఊరి చివరి సందులోకి వెళ్ళారు. మలుపు దగ్గర ఆయన ఫోను మోగింది. పై నాయకుడు. నువ్వు నడుస్తూండు, వస్తానని ఆయన చేత్తో సైగ చేశాడు.

"మీరు ఇంటికెళ్ళిపోండి, నేను చూసుకుంటాను" అందామె.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అవునండీ, పద్దెనిమిది మంది" అన్నాడు ఫోనులో, ఛాతీ విరుచుకుని. "సొంత తమ్ముణ్ణి కూడా వదల్లేదు. నాకు వెన్నుపోటు పొడిచినవాడు ఒక్కడూ మిగల్లేదండీ. ఇక చూడండి."

ఫోను పెట్టేసి పెద్ద పెద్ద అంగలేస్తూ వెళ్ళి, మొదటి ఇంటి ప్రహరీ గోడ పక్కకి చేరుకునేసరికి తలుపు తెరుచుకుంది. గుమ్మంలోకొచ్చిన ఇల్లాలికి గోడ చాటునున్న ఆయన కనిపించలేదు. ఎదురుగా ఉన్న ఆయన భార్యని చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. గబగబా దగ్గరకొచ్చి, చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"ఈసారి కూడా మీ ఆయన్ని ఓడించాలా, అక్కా?"